జూబ్లీకి తొలి పని అడ్మిషన్ రిజిస్టరు

(ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలు, పూర్వ విద్యార్థి సంఘాల బాధ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడున్న బళ్లలో కొన్నింటికి త్వరలో రజతోత్సవం, కొన్నింటికి స్వర్ణోత్సవం. కమిటీ వేసుకోగానే మొదటి సమావేశంలో మూడు విషయాలు మాట్లాడుకుంటారు. ముఖ్య అతిథి ఎవరు, సావనీరు ఎన్ని పేజీలు, భోజనాలు ఎవరికి అప్పజెప్పాలి. మూడూ కావలసినవే. కానీ వీటన్నిటికంటే ముందు ఆఫీసు గదిలో బీరువా తెరవండి. అందులో అడ్మిషన్ రిజిస్టర్లు ఉంటాయి. ఈ బడి ఎవరిదో అందులో వరస నంబర్లతో సహా రాసి ఉంది. ఆ పేర్లన్నీ చేతికి రాకుండా పిలుపులు మొదలుపెడితే, కమిటీలో ఉన్నవాళ్ల స్నేహితులు మాత్రమే వస్తారు. దాన్ని బడి పండగ అనలేం.

రిజిస్టరు తెరవగానే ముందు బడి మొదలైన తారీఖు తేల్చుకోవాలి. బడికి పుట్టినరోజులు మూడు నాలుగు ఉంటాయి: సొసైటీ రిజిస్టరైన రోజు, మొదటి పిల్లవాడు చేరిన రోజు, ప్రభుత్వ గుర్తింపు వచ్చిన రోజు, ఇప్పుడున్న భవనంలోకి మారిన రోజు. వీటి మధ్య రెండు మూడేళ్ల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. మొదటి అడ్మిషన్ తేదీని పట్టుకోవడమే సబబని నా అభిప్రాయం. పిల్లలు వచ్చిన రోజే బడి మొదలైనట్టు లెక్క. పేరు మారినా లెక్క తెగదు. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌నే చూడండి. 1923లో ఏడో నిజాం కాలంలో జాగీర్దారుల పిల్లల కోసం జాగీర్దార్ కాలేజీగా మొదలైంది. జాగీర్దారీ పోయాక 1951లో పేరు మారింది, తలుపులు అందరికీ తెరుచుకున్నాయి. శతాబ్ది లెక్క మాత్రం 1923 నుంచే వేసుకున్నారు. 2023 డిసెంబరులో జరిగిన ఉత్సవాలకు రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము వచ్చారు.

తెలంగాణలో పాత బళ్ల కాగితాల మీద నిజాం ప్రభుత్వం వాడిన ఫసలీ సంవత్సరాలుంటాయి. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉన్న తేదీ అయితే ఫసలీ సంవత్సరానికి 590 కలపాలి, జనవరి నుంచి అయితే 591. ఫసలీ 1350 ఆజూర్ అంటే 1940 అక్టోబరు. నెల చూడకుండా ఏడాదికి 590 కలిపేస్తే చాలా తేదీలు ఒక ఏడాది వెనక్కి పోతాయి. శిలాఫలకం చెక్కించాక ఆ తప్పు బయటపడితే దిద్దడం కష్టం.

ఇంకొక తికమక. 1976 జూన్‌లో మొదలైన బడికి 2025-26 యాభయ్యో విద్యాసంవత్సరం. యాభై ఏళ్లు నిండేది 2026 జూన్‌లో. రెండింటిలో ఏది పట్టుకున్నా తప్పు లేదు. ఆ ఏడాదంతా ఉత్సవ సంవత్సరంగా పెట్టుకుని, చివర్లో పెద్ద సభ చేస్తే గొడవ ఉండదు. కానీ ఆహ్వానపత్రంలో ఒకటి, బ్యానరు మీద ఒకటి, సావనీరు అట్ట మీద ఇంకొకటి ఉండకూడదు.

ఇప్పుడు రిజిస్టరు దగ్గరికి వద్దాం. పని కనీసం పద్దెనిమిది నెలల ముందు మొదలుకావాలి. ఏడాదికి సగటున 80 మంది చేరిన బడిలో యాభై ఏళ్లకు 4000 పేర్లు. ఒక్కో పేజీకి 20 పేర్లు వేసుకుంటే 200 పేజీలు. ఫొటోలు తీయడం ఇద్దరికి ఒక పూట పని. ఎక్కించడమే అసలు పని. పాత చేతిరాత చదువుకుంటూ, సరిచూసుకుంటూ పోతే రోజుకు 100 పేర్లకు మించి ఎక్కించలేరు. అంటే ఒక మనిషికి 40 రోజులు. ఆ రాత చదవగలిగిన పాత క్లర్కు గారో రిటైరైన మాస్టారో పక్కన కూర్చోవాలి. ఆయన ఆరోగ్యంగా ఉండగానే ఈ పని పూర్తి చేసుకోండి.

కుట్టు బైండింగ్ ఉన్న పాత పుస్తకాన్ని ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద బోర్లించి నొక్కకండి, వెన్ను విరుగుతుంది. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట బల్ల వేయండి. పుస్తకం రెండు అట్టల కింద తలగడలు గానీ మడిచిన దుప్పట్లు గానీ పెట్టి, పూర్తిగా తెరవకుండా కాస్త వాలుగా ఉంచండి. ఫోనును స్టాండుకు బిగించి పైనుంచి తీయండి. చేత్తో పట్టుకుని తీస్తే పేజీ అంచుల్లో అంకెలు మసకబారతాయి. చిరిగిన పేజీలకు సెల్లోటేపు అంటించొద్దు. కొన్నేళ్లకు దాని జిగురు పసుపెక్కి, సిరాను కూడా లాగేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, దాన్ని మళ్లీ విడదీయలేం. దుమ్ము మెత్తటి బ్రష్‌తో, వెన్ను వైపు నుంచి బయటికి దులపాలి. చెదలు కనిపిస్తే ఆ పుస్తకాన్ని వెంటనే వేరే గదిలోకి మార్చి, బీరువా వెనక గోడ చూడండి. చెదలు వచ్చే దారి అక్కడ ఉండొచ్చు. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు రిజిస్టరు నంబరు, పేజీ నంబరు తప్పకుండా ఉండాలి. మూడు ప్రతులు చేసుకుని, వాటిలో ఒకటి బడి ఆవరణ బయట ఉంచండి.

ఆ రిజిస్టర్లో కులం, మతం, పుట్టుమచ్చలు, తండ్రి వృత్తి అన్నీ ఉంటాయి. అవి జూబ్లీ కమిటీకి అక్కర్లేదు. పేజీల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. ఎవరో సరదాకి తన పేజీ అడుగుతారు, అదే పేజీలో ఇంకో 19 మంది వివరాలు కూడా బయటికి పోతాయి. కమిటీకి ఇవ్వాల్సింది ఆరు గడులే: అడ్మిషన్ నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన తరగతి, చేరిన సంవత్సరం. టీసీ తీసుకున్న తేదీ ఉంటే ఇంకా మంచిది.

మనిషిని గుర్తుపట్టడానికి పుట్టినతేదీ మీద ఆధారపడకండి. ఆ రోజుల్లో బళ్లో వేయడానికి వచ్చిన పిల్లలకు జూన్ ఒకటో జులై ఒకటో రాసేయడం మామూలే. పేజీలో సగం మందికి ఒకటే పుట్టినరోజు కనిపిస్తుంది. పేరు ఒక్కటీ చాలదు. శ్రీనివాసరావులు, వెంకటలక్ష్ములు ఒక్కో బ్యాచిలో ముగ్గురేసి ఉంటారు. అడ్మిషన్ నంబరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడూ కలిస్తేనే మనిషి.

బ్యాచి లెక్క కట్టడానికి సులువైన సూత్రం ఉంది. పదకొండులోంచి చేరిన తరగతి తీసేసి, మిగిలింది చేరిన సంవత్సరానికి కలపండి. 1984 జూన్‌లో ఆరో తరగతిలో చేరిన పాప 1989 బ్యాచి. ఏడులోనే టీసీ తీసుకుని వెళ్లిపోయినా ఆమె 1989 బ్యాచే. మన లెక్కలన్నీ పదో తరగతి పాసైన వాళ్లతోనే నడుస్తాయి. మధ్యలో ఆగిన పిల్లలకు పిలుపు అందదు. నాన్నకు బదిలీ అయి వెళ్లినవాళ్లు ఉంటారు, ఫీజు కట్టలేక మానేసినవాళ్లు ఉంటారు, పదిలో తప్పినవాళ్లు ఉంటారు. వీళ్లకు ఈ బడి మీద హక్కు ఏమీ తక్కువ కాదు. పిలవకపోతే, అప్పట్లో పడ్డ బాధను ఇప్పుడు మనం ముద్ర వేసి ఖాయం చేసినట్టు. సూత్రంతో లెక్కకడితే వీళ్లంతా వాళ్ల వాళ్ల బ్యాచిల్లోకి తామే వచ్చి చేరతారు. ఎస్‌ఎస్‌ఎల్‌సీ రోజుల్లో ఆరో ఫారం దాకా, అంటే పదకొండేళ్ల చదువు. ఆ కాలంవాళ్లకు పదకొండు బదులు పన్నెండు వేసుకోవాలి.

ఇక ఆడపిల్లలు. ఏ బడి పూర్వ విద్యార్థుల జాబితా చూసినా మగవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. చదివినప్పుడు సగానికి సగం ఉన్నవాళ్లు జాబితాలో ఎందుకు లేరు? పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, పుట్టింటి ఫోను నంబరు పోయింది. మగపిల్లలు ఊరికి వచ్చినప్పుడల్లా సెంటర్లో కలుస్తూనే ఉన్నారు, ఆడపిల్లలకు ఆ వీలు లేకపోయింది. వాళ్లను వెతకడానికి రిజిస్టరే దారి. తండ్రి పేరు, ఊరు కలిసిన పేర్లన్నీ ఒకచోట చేర్చండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు బయటపడతారు. తమ్ముడు దొరికితే అక్క దొరుకుతుంది. ప్రతి బ్యాచికి ఒక మగ, ఒక ఆడ బాధ్యులు తప్పనిసరిగా ఉండాలి. క్లాస్‌మేట్ అయినా సరే, తెలియని మగమనిషి ఫోను చేసి అక్క నంబరు అడిగితే ఇవ్వడానికి తమ్ముడు జంకుతాడు. అదే పాత స్నేహితురాలు అడిగితే వెంటనే ఇస్తాడు. ఆహ్వానం మీదా బ్యాడ్జి మీదా చదువుకున్నప్పటి ఇంటిపేరుతోనే పేరు వేయండి, ఇప్పటిది కింద చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. బ్యాడ్జి మీద పేరు రెండు గజాల దూరం నుంచి కనపడాలి. ముప్ఫయ్యేళ్ల తర్వాత కలిసిన మనిషి పేరు గుర్తురాక ఇబ్బంది పడకుండా ఉండటానికే బ్యాడ్జి. దాని మీద బడి లోగో పెద్దగా, పేరు చిన్నగా వేస్తే లాభం లేదు.

చనిపోయినవాళ్ల పేర్ల దగ్గర జాగ్రత్త. ఒక్కరు చెప్పింది విని కీర్తిశేషులు అని రాయకూడదు. ఇంటివాళ్లతో మాట్లాడాకే ఆ గడి నింపండి. అదే ఫోనులో ఆ కుటుంబాన్నీ సభకు పిలవండి.

గ్రూపు ఫొటోల సంగతి. పదో తరగతి ఫొటోలు ప్రధానోపాధ్యాయుల గదిలో గోడకు ఉంటాయి. చెమ్మ తగిలి కొన్ని అద్దానికి అతుక్కుపోయి ఉంటాయి. పీకితే బొమ్మ అద్దంతోపాటు ఊడి వస్తుంది. అద్దం మీదుగానే ఫొటో తీయండి. కెమెరా వెనక నల్లటి గుడ్డ పట్టుకుంటే మెరుపు రాదు. విడిగా ఉన్నవాటిని 600 డీపీఐలో స్కాన్ చేయించండి. పేర్లు గుర్తించడానికి బ్యాచి గ్రూపులో పెట్టేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి. మామూలు ఫొటోగా పంపితే బొమ్మ నలిగి, వెనక వరసలో ముఖాలు పోతాయి. ప్రతి ముఖం మీద అంకె వేసిన కాపీ ఒకటి, అంకెలు లేనిది ఒకటి ఉండాలి. నిలబడ్డవాళ్లు, కుర్చీల్లో ఉన్నవాళ్లు, కింద కూర్చున్నవాళ్లు, ఇలా వరస వరసకీ ఎడమ నుంచి కుడికి పేర్లు. ఇద్దరు విడివిడిగా ఒకే పేరు చెబితేనే ఖాయం చేయండి. చివర్న నిలబడిన అటెండరు గారి పేరు, ఆయా పేరు కూడా అడగండి. ఆ పేర్లు అడ్మిషన్ రిజిస్టర్లో దొరకవు, జీతాల రిజిస్టర్లో దొరుకుతాయి. బడి గంట కొట్టిన మనిషి పేరు లేకుండా సావనీరు రాకూడదు.

సావనీరు పేజీల సంఖ్య పదహారుతో భాగించబడాలి, ప్రెస్సులో ఫారం లెక్క అది. 100 పేజీలు అనుకుంటే 96 గానీ 112 గానీ చేసుకోవాలి. మ్యాటరు సభకు మూడు నెలల ముందే ఆపేయండి. ఫోన్లలో, మెయిళ్లలో వచ్చే తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది, డీటీపీ వాళ్లు చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో పనిచేస్తారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు వత్తులు, పొల్లులు చెదిరిపోతాయి. అంతకుముందు ఎంత బాగా ప్రూఫు చూసినా సరే, మార్చిన తర్వాత మళ్లీ మొదటి అక్షరం నుంచి చదవాలి, ముఖ్యంగా పేర్లు. ఆర్ట్ పేపరు మీద వేయిస్తే గమ్ బైండింగ్ ఒప్పుకోవద్దు. ఆ నున్నటి పూత జిగురును పట్టదు, రెండుసార్లు తెరిచేసరికి పేజీలు ఊడొస్తాయి. కుట్టించండి. ఖర్చు కొంచెం పెరుగుతుంది, పుస్తకం నిలుస్తుంది.

తేదీ ఎంపికకు మన ప్రాంతంలో ఒక మంచి వీలుంది. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. పెళ్లిళ్లు తక్కువ కాబట్టి వంటవాళ్లు, షామియానా వాళ్లు, లాడ్జి గదులు దొరుకుతాయి. అమెరికాలో ఉన్నవాళ్ల పిల్లలకు క్రిస్మస్ సెలవులు అప్పుడే. వాన భయం కూడా తక్కువ. అయితే 24, 25 తేదీలు వదిలేయాలి, శుక్రవారం మధ్యాహ్నం కార్యక్రమం పెట్టకూడదు. అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఉల్లి, వెల్లుల్లి లేని వంట వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో ఉండాలి.

డబ్బు విషయంలో మొహమాటం పనికిరాదు. బ్యాచి బాధ్యుల సొంత ఖాతాల్లో, సొంత ఫోన్‌పేల్లో విరాళాలు వేయించకండి. మనిషి ఎంత నిజాయితీపరుడైనా ఆ డబ్బు పన్నుల లెక్కలో ఆయన మెడకు చుట్టుకుంటుంది, ఊళ్లో మాట పడాల్సి వస్తుంది. సంఘాన్ని సొసైటీగా రిజిస్టరు చేయడానికి కనీసం ఏడుగురు కావాలి. ఆ తర్వాత పాన్, ఆపైన బ్యాంకు ఖాతా. వీటికి నెలలు పడుతుంది, కాబట్టి ఏడాది ముందే మొదలుపెట్టండి. అప్పటిదాకా విరాళాలు బడి సొసైటీ ఖాతాలోకే రావాలి. పన్ను రాయితీ అనుమతి ఉన్న సంస్థకైనా 2000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే దాతకు రాయితీ రాదు.

విదేశాల్లో ఉన్న మన పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉంటే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే మాత్రం అది విదేశీ విరాళమే, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. దాన్ని పుచ్చుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేకంగా తెరిచిన ఖాతాకే రావాలి. స్నేహితుడి ఖాతాకు పంపించి అక్కడినుంచి తిప్పుకుంటాం అంటారు. చట్టం దాన్ని ఒప్పుకోదు, బడికి చిక్కు వస్తుంది. విరాళం ఫారంలో పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగే గడి ఒకటి పెడితే సగం ఇబ్బంది తీరుతుంది. స్కాలర్‌షిప్ నిధికి ఇచ్చేవాళ్లతో, ఇది మూలధనంగా ఉండాలని రాయించుకోండి. ఆ కాగితం లేకపోతే ఆ సొమ్ము మామూలు విరాళాల్లో కలిసి ఖర్చయిపోతుంది.

సభ రోజు సంగతి. పాత ఉపాధ్యాయుల సన్మానం పొద్దున్నే, మొదటి కార్యక్రమంగా ఉండాలి. మంత్రిగారి రాకకూ దీనికీ ముడిపెట్టకండి. వారు ఆలస్యమైతే ఎనభై ఏళ్ల మాస్టారు ఎండలో కూర్చోవాల్సి వస్తుంది. ప్రముఖుల సభ సాయంత్రం వేరుగా పెట్టుకోండి. 25 మంది గురువులున్నారనుకోండి, ఒక్కొక్కరిని వేదికపైకి పిలిచి శాలువా, దండ, జ్ఞాపిక, ఫొటో అంటే మనిషికి నాలుగు నిమిషాలు, మొత్తం గంటా నలభై నిమిషాలు. అంతసేపు ఎవరూ శ్రద్ధగా చూడరు, గురువులకూ అలసట. దానికి బదులు గురువులను ముందువరసలో వెడల్పాటి కుర్చీల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి దగ్గరికి ఒక్కో బ్యాచి వెళ్లి ఒకేసారి శాలువాలు కప్పాలి. వేదిక మీద నుంచి ఆయన ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏం చెప్పారో ఒక్కొక్క వాక్యం చదవాలి. మెట్లెక్కే బాధ తప్పుతుంది, సమయం మూడోవంతుకు తగ్గుతుంది, శిష్యులతో మాట్లాడటానికి తీరిక దొరుకుతుంది.

ప్రతి గురువుకూ ఒక శిష్యుడు పూర్తి బాధ్యత తీసుకోవాలి: ఇంటినుంచి కారు, మందుల సంచి, తిరిగి దింపడం. కమోడు ఉన్న మరుగుదొడ్డి కూర్చున్నచోటికి దగ్గర్లో ఉండాలి. అది లేకపోతే చాలామంది పెద్దవాళ్లు పొద్దుటినుంచి మంచినీళ్లు తాగడమే మానేస్తారు, మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి. షుగరు ఉన్నవాళ్ల భోజనం పన్నెండున్నర దాటకూడదు. వాళ్లను బఫే వరసలో నిలబెట్టకుండా బల్లలు వేసి వడ్డించండి.

మిగతావాళ్లకు బఫే అయితే ఒక లెక్క. కౌంటరుకు రెండు వైపులా, ఒక్కో వైపు 20 సెకన్లకు ఒకరు కదిలితే నిమిషానికి ఆరుగురు, గంటకు 360 మంది. 2000 మందికి గంటలో పెట్టాలంటే లెక్క ప్రకారం ఆరు కౌంటర్లు. కానీ గిన్నె మార్చినప్పుడల్లా వరస ఆగుతుంది కాబట్టి ఎనిమిది పెట్టండి. కూరలు, పులిహోర ఉన్న భోజనానికి 100 మందికి 10 కిలోల బియ్యం వేసుకోవచ్చు. మంచినీళ్లు, చేతులు కడుక్కునే చోటు కౌంటర్లకు దూరంగా ఉండాలి. పక్కనే పెడితే తిన్నవాళ్లూ తినబోయేవాళ్లూ ఎదురెదురుగా వచ్చి దారి మూసుకుపోతుంది.

ఇప్పుడు చదువుతున్న పిల్లలను అలంకారంగా వాడుకోవద్దు. అతిథుల మీద పూలు చల్లడానికి గంటలకొద్దీ ఎండలో నిలబెట్టడం, నెలరోజులు పాఠాలు మాని రిహార్సల్సు చేయించడం వద్దు. వాళ్ల వేడుక ముందురోజు, వాళ్ల అమ్మానాన్నలతో, విడిగా జరగాలి. పెద్దల రోజున బ్యాడ్జి లేనివాళ్లను తరగతి గదుల వైపు పంపకూడదు. మైకుకు పోలీసు అనుమతి ముందే తీసుకోండి. రాత్రి పది తర్వాత మైకు ఆపాల్సిందే కాబట్టి సాంస్కృతిక కార్యక్రమాలు తొమ్మిదిన్నరకే ముగిసేలా వేసుకోండి.

సభ అయ్యాక నెల లోపల జమాఖర్చులు ఆడిట్ చేయించి, విరాళం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ పంపండి. మిగిలిన సొమ్ము ఎంత ఉన్నా చెప్పండి, లోటు ఉన్నా చెప్పండి. సేకరించిన ఫోను నంబర్లు బ్యాచి బాధ్యుల ఫోన్లలో మిగిలిపోకుండా బడి ఆఫీసుకు రావాలి. అవి పిలుపుల కోసం ఇచ్చిన నంబర్లు. అడగకుండా వ్యాపార ప్రకటనలకో, చందాలకో వాడకూడదు. ఆ జాబితాను నడిపే పని ఆఫీసులో ఒకరికి పేరుపెట్టి అప్పగించండి. ఈసారి జూన్‌లో పదో తరగతి పిల్లలు టీసీలు తీసుకోవడానికి వచ్చినప్పుడు, అడ్మిషన్ నంబరు పక్కన అమ్మ నంబరు, నాన్న నంబరు, పిల్లవాడి మెయిలు వాళ్ల అనుమతితో అక్కడికక్కడే రాయించుకోండి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పడుతుంది.